రెండు సమీకరణాలు, ఒక తెలుగు వాక్యం



నేపర్‌విల్‌లో లెక్కల గురించి మాట్లాడటమంటే తిరుపతిలో లడ్డూ గురించి చెప్పటమే. 1999 టిమ్స్ అంతర్జాతీయ పరీక్షలో ఈ ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ 203 విడిగా పాల్గొని, మేటి ఫలితాలు తెచ్చిన దేశాల సరసన నిలిచింది. మన పిల్లలకు ఎక్స్, వై ఇస్తే చిటికెలో తేలుస్తారు. అదే లెక్క మాటల్లో ఇస్తే చాలామంది ఆగిపోతారు. చిక్కంతా వాక్యం దగ్గరే.

ఇది మన పిల్లల ఒక్కరి సంగతే కాదు. జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు 1980ల తొలినాళ్లలో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్లకు ఆరు రెట్లు విద్యార్థులున్నారు, సమీకరణం రాయండి అని ఇంజనీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులను అడిగితే, మూడో వంతుకు పైగా తప్పు రాశారు. ఎక్కువమంది రాసిన తప్పు: 6వి = ప్రొ. ఇంగ్లీషు వాక్యంలో 'ఆరు రెట్లు' ముందు, 'విద్యార్థులు' వెంటనే వస్తాయి. చెయ్యి ఆ వరుసలోనే రాసేస్తుంది. తెలుగులో చెప్పి చూడండి: "విద్యార్థులు ప్రొఫెసర్లకు ఆరు రెట్లు." వి = ప్రొ × 6. వాక్యం నడిచినట్టే సమీకరణమూ నడిచింది! ప్రతి లెక్కకూ ఇలా కుదరదు. కానీ ఒకే మాటను రెండు భాషల్లో చెప్పుకున్న పిల్లలు మాటల వరుసను వదిలి అర్థాన్ని పట్టుకుంటారు.

ఇది మనకు కొత్త కాదు. 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం' రాశాడు. దాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుని లెక్క ఒకటి వినండి. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిసి 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిసి 101. ఒక్కోదాని ధర ఎంత?

మొదటి మాట ఒక్కటే ఉంటే 8, 5 సరిపోతాయి. 1, 14 కూడా సరిపోతాయి. రెండో మాట అందుకే కావాలి. ఇప్పుడు రెండూ కలపండి: 16 జతలు 208, జత 13. ఒకదాన్నుంచి ఒకటి తీసేయండి: రెండు మాదీఫలాలు రెండు వెలగపండ్ల కన్నా 6 ఎక్కువ, అంటే ఒక్కోదానికి 3 ఎక్కువ. మాదీఫలం 8, వెలగపండు 5.

ఈలోగా పిల్లవాడు "వెలగపండంటే ఏంటి నాన్నా?" అని అడుగుతాడు. వినాయక చవితి నైవేద్యం దాకా మాట సాగుతుంది.

మా సాఫ్ట్‌వేర్‌లోనూ కోడ్ రాయటం కన్నా, కస్టమర్ అడిగిందేమిటో గ్రహించటమే కష్టం. కాబట్టి నా విన్నపం ఒక్కటే. వారానికి ఒక్క లెక్క, కారులోనైనా సరే, తెలుగులో చెప్పండి. తెలియనివేవి, చెప్పిన రెండు మాటలేవి అని అడగండి. జవాబు వచ్చాక దాన్ని మళ్లీ ఆ వాక్యంలో పెట్టి, తెలుగులోనే చదివించండి. లెక్క సరిచూసినట్టూ ఉంటుంది, భాష నాలుక మీద నిలిచినట్టూ ఉంటుంది.