నాకేమి తెలుసని చెప్పను?



ఆదివారం దివ్యపూజ ముగిసే ముందు గురువుగారు ప్రకటనలు చదువుతారు కదా. పెళ్ళి ప్రకటనలు చదివినంతసేపు అందరూ చెవులు రిక్కించి వింటారు. ఆఖరున, "పిల్లల సత్యోపదేశ తరగతులకు టీచర్లు కావాలి, ఇష్టమున్నవారు పూజ అయ్యాక నన్ను కలవండి" అనగానే గుడిలో ఏమి జరుగుతుందో మీకు తెలుసు. తల్లులు కొంగు సర్దుకుంటారు. మగవారికి బయట విడిచిన చెప్పులు గుర్తుకొస్తాయి. ఇరవై ఏళ్ళకు పైగా బలిపీఠం దగ్గర నిలబడి ఈ దృశ్యం చూస్తున్నాను. తర్వాత ఎవరినైనా పిలిచి అడిగితే వచ్చే జవాబు ఒకటే: "నాకేమి తెలుసని చెప్పను ఫాదర్?"

ఈ మాటకు సగం కారణం మేమే, గురువులమే. నా సంగతే చెబుతాను.

నేను కొత్తగా విచారణ గురువునైన ఊళ్ళో ఒక మామ్మ ఉండేది. ఆమె భర్త పాతకాలపు ఉపదేశి. ఫాదర్ గారు నెలకొకసారి వచ్చే రోజుల్లో గంట కొట్టి జనాన్ని పోగుచేసి, జపాలు చెప్పించి, చావుబతుకుల్లో ఉన్నవారి దగ్గర కూర్చున్న మనిషి. ఆయన పోయాక ఆమె ఒకరోజు నా దగ్గరకు వచ్చి, "సామీ, చిన్నపిల్లలకు జపాలు నేను నేర్పుతాను" అంది. "చదువు వచ్చా మామ్మా?" అన్నాను. "రాదు సామీ." "సరే, చూద్దాంలే" అని పంపించేశాను. డిగ్రీ చదివిన ముగ్గురికి తరగతులు అప్పగించాను. క్రిస్మసు నాటికి ఇద్దరు మానేశారు. తపస్సుకాలం వచ్చేసరికి మూడో ఆయనకు బదిలీ అయింది. నేనేమో చుట్టుపక్కల పల్లెల్లో పూజలకు తిరుగుతూ ఆ సంగతి పట్టించుకోలేదు.

ప్రథమ దివ్యసత్ప్రసాదానికి ముందు పిల్లల్ని పరీక్షించడానికి కూర్చున్నప్పుడు నాకు భయమే. కానీ పిల్లలు పరలోక జపం, మంగళవార్త జపం, పశ్చాత్తాప జపం తడుముకోకుండా చెప్పారు. ఎవరు నేర్పారంటే, మామ్మ. పూజ అయ్యాక గుడి అరుగు మీద, ఒళ్ళో మరమరాల పొట్లం పెట్టుకుని. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడిగాను. "మీరు చూద్దామన్నారు కదా సామీ, మీరు చూసేదాకా చెబుదామనుకున్నాను" అంది. ఆమె వెటకారమాడిందో లేక నిజంగానే అందో నాకు ఈనాటికీ తేలలేదు.

శ్రోతలారా, పునీత దేవసహాయం పిళ్ళై గారి కథ మీలో చాలామంది విన్నారు. కన్యాకుమారి ప్రాంతంలోని నట్టాలంలో 1712లో పుట్టి, తిరువాన్కూరు రాజుగారి కొలువులో పనిచేసినవాడు. ఇంట్లో వరుసగా కష్టాలు వచ్చి కుమిలిపోతున్నప్పుడు ఆయనకు యోబు కథ చెప్పిందెవరు? గురువు కాదు, మఠవాసి కాదు. కొలచెల్ యుద్ధంలో 1741లో ఓడి రాజుకు బందీ అయి, తర్వాత ఆ రాజు సైన్యానికే శిక్షణ ఇచ్చిన డి లనోయ్ అనే నౌకాదళ అధికారి. యేసుసభ గురువులు 1745లో జ్ఞానస్నానమిచ్చారు. కానీ మొదటి మాట ఒక సైనికుడిది. దేవసహాయం గారు 1752లో వేదసాక్షిగా మరణించారు. 2022 మే 15న పోపు ఫ్రాన్సిసు గారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. భారతదేశపు గృహస్థులలో పునీత పట్టం పొందిన మొదటివాడు ఆయనే.

అంతకు ఏడాది ముందు, 2021 మే 10న, అదే పోపుగారు ఉపదేశి సేవను గృహస్థ విశ్వాసులకు, స్త్రీలకూ పురుషులకూ, శ్రీసభ అధికారికంగా అప్పగించే పరిచర్యగా స్థాపించారు. ఆ లేఖ చదివిన రోజు నాకు అరుగు మీది మామ్మే గుర్తుకొచ్చింది. ఆమె అప్పటికే దేవుని సన్నిధికి వెళ్ళిపోయింది.

"పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబు రాకపోతే?" అంటారు మీరు. తప్పకుండా అడుగుతారు, సెల్‌ఫోనులో చూసి మరీ అడుగుతారు. ఒక తరగతిలో తండ్రి పోయిన పాప, "మా నాన్న కోసం రోజూ జపించాను, దేవుడు ఎందుకు వినలేదు?" అంది. టీచరుగా వచ్చిన ఆయన వృత్తికి దర్జీ. "నాకు తెలియదు తల్లీ. మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇదే అడిగాను" అన్నాడు. ఆ ఏడాదంతా ఆ పాప ఆయన పక్కనే కూర్చుంది. యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు నోరు తెరవకుండా పక్కన కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడగొట్టారు. ఆ ఆదివారం ఆ గదిలో పెద్దవాళ్ళెవరూ లేకపోయి ఉంటే, ఆ పాప ఆ ప్రశ్నను ఎక్కడికి మోసుకుపోయేదో ఆలోచించండి.

పుస్తకం విచారణలో ఇస్తారు. శిక్షణ మీ పీఠంలో జరుగుతుంటే వెళ్ళండి. తరగతిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండేలా అడగండి, అది పిల్లలకూ మీకూ క్షేమం. ఒప్పుకున్న ఆదివారం రాలేకపోతే ముందురోజే చెప్పండి. పిల్లలు వచ్చి ఖాళీ కుర్చీని చూసి వెనక్కి పోకూడదు.

వచ్చే ఆదివారం పూజ అయ్యాక చెప్పుల దగ్గరకు వెళ్ళేముందు మీ గురువుగారిని ఒక్కసారి కలవండి. ఆయన కూడా నాలాగే "చూద్దాంలే" అంటే, ఏమీ అనుకోకుండా ఆ పై ఆదివారం మళ్ళీ వెళ్ళండి.

పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున మీకు దీవెన కలుగునుగాక. ఆమెన్.