అడిగితేనే ఇస్తారు

(జనక్‌పురిలో మన సిబ్బంది కుటుంబాల ఆదివారం కలయికలో, నెలలు నిండుతున్న తల్లులతో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక ముఖ్యమైన ప్రకటన. బాత్‌రూము వరండా చివర ఎడమ వైపు ఉంది. నేను మాట్లాడుతుండగా ఎవరైనా లేచి వెళ్లవచ్చు, తిరిగి రావచ్చు, మళ్లీ వెళ్లవచ్చు. ఎనిమిదో నెలలో ఉన్న మనిషికి ఏ ఉపన్యాసం కన్నా ఈ సమాచారమే ఎక్కువ పనికొస్తుందని నా అనుభవం.

నన్ను పిలిచినవాళ్లు మొదట "ఉద్యోగం, మాతృత్వం, సమయ పాలన" అనే అంశం ఇచ్చారు. ఎం.బి.ఏ. చదివాను కాబట్టి సమయ పాలన గురించి చెప్పగలనని వాళ్ల నమ్మకం. నా రెండో కాన్పు ముందు ఆ సమయ పాలనే నన్ను ఆస్పత్రి పాలు చేసింది. కాబట్టి ఆ అంశం పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా పెద్దవాడు 2010లో పుట్టాడు. అప్పుడు నేను గుంటూరు దగ్గర ఒక బ్రాంచిలో ఉండేదాన్ని. ఎనిమిదో నెల రాగానే సెలవు పెట్టి తెనాలిలో పుట్టింటికి చేరిపోయాను. తొలి కాన్పు కదా, రాజభోగం. అమ్మ చలిమిడి చేసి ఒడిలో పెట్టింది, పేటలో ముత్తయిదువులు వచ్చి గాజులు తొడిగారు. కాళ్లు వాస్తే పిన్ని వేడినీళ్లు పెట్టేది. రాత్రి నిద్ర పట్టకపోతే అమ్మ కూడా లేచి కూర్చునేది. చివరి నెలలు కష్టంగా ఉంటాయని ఎవరైనా అంటే, అంత కష్టమేముంది అనుకునేదాన్ని.

2016లో రెండోసారి గర్భం వచ్చేనాటికి మేం ఢిల్లీలో ఉన్నాం. కాపురం ఇక్కడే జనక్‌పురిలో, బ్రాంచి కరోల్‌బాగ్ దాటాక. పెద్దవాడు ఒకటో తరగతి. మా వారు వారంలో నాలుగు రోజులు టూరు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నగారికి ఒంట్లో బాగుండదు. అదే కడుపు, అదే నెలలు. కానీ వేడినీళ్లు నేనే పెట్టుకోవాలి. తెనాలిలో తేలిగ్గా గడిచింది నా ఒంటి బలం వల్ల కాదని, చుట్టూ ఉన్న మనుషుల వల్లనని అప్పుడు తెలిసింది.

ఏడో నెల దాటాక ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. పడుకుంటే గుండెల్లో మంట, కూర్చుంటే నడుం నొప్పి, నిలబడితే కాళ్లు బరువు. చెప్పులు ఎక్కవు. ఉంగరం రాదు. ఊరి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి సీసా ఖాళీ అయిందని నేను ఒక రాత్రి పదకొండింటికి వంటింట్లో నిలబడి ఏడ్చాను. మా వాడు నిద్ర లేచి వచ్చి, "అమ్మా, కొందామా?" అన్నాడు. అందుకు మళ్లీ ఏడ్చాను. ఇవన్నీ మామూలే. వీటికి సిగ్గుపడకండి.

మెట్రోలో జనక్‌పురి వెస్ట్‌లో ఎక్కేదాన్ని. ఆడవాళ్ల పెట్టెలో కన్నా మామూలు పెట్టెలోనే నాకు త్వరగా సీటు దొరికేదంటే మీరు నవ్వుతారు, కానీ నిజం. అయినా ఆడవాళ్ల పెట్టే ఎక్కేదాన్ని, ఇద్దరు స్నేహితురాళ్ల కోసం. ఒకావిడ ఉత్తమ్‌నగర్ నుంచి వచ్చే మలయాళీ నర్సు, ఇంకొకావిడ తిలక్‌నగర్‌లో ఎక్కే పంజాబీ టీచరు. ముగ్గురివీ ఒకటి రెండు వారాల తేడాతో నెలలు. పరిచయం ఎలా అయిందనుకున్నారు? ముగ్గురం ఒకే స్తంభం పట్టుకుని నిలబడ్డాం, ముగ్గురి పొట్టలూ తగిలాయి. ఆ అరగంట ప్రయాణంలో మేం చెప్పుకోని విషయం లేదు. ఎవరికి మలబద్ధకం, ఎవరి అత్తగారు ఏమన్నారు, ఎవరికి మళ్లీ మగపిల్లాడే కావాలని ఇంట్లో పోరు. నా ఇంట్లోవాళ్లకు చెప్పలేని భయాలు ఆ ఇద్దరికీ చెప్పాను.

ఒక్కటి తప్ప. నర్సు ఒకరోజు, "బీపీ ఎప్పుడు చూపించుకున్నారు?" అని అడిగింది. "పోయిన వారం" అన్నాను. అబద్ధం. చూపించుకుని నెల దాటింది. క్వార్టర్లీ క్లోజింగ్ అని ఒక విజిట్ వాయిదా వేశాను, పండగని ఇంకొకటి.

ఆ సంవత్సరం దీపావళి అక్టోబరు 30. మర్నాటి నుంచి ఢిల్లీ మీద పొగ కమ్ముకుంది. ఎదురింటి డాబా కనబడేది కాదు, బడులకు సెలవులిచ్చారు. కళ్లు మండేవి, తల పగిలిపోయేది. అది తగ్గుతుందనుకునేలోగా నవంబరు 8 రాత్రి ఎనిమిదింటికి 500, 1000 నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. మన కుటుంబాలకు ఆ రోజుల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. 9న బ్యాంకులు జనానికి మూత, 10న తలుపులు తీసేసరికి వీధి చివరి దాకా క్యూ. ఆ గురువారానికి నాకు సరిగ్గా 33 వారాలు నిండాయి.

ఇక్కడ మా మేనేజరు గారి తప్పేమీ లేదు. ఆయన ఉదయమే పిలిచి, "మీరు లోపల కూర్చుని వోచర్లు చూడండి" అన్నారు. నేనే ఒప్పుకోలేదు. మర్నాడు ఏడాది ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది. "ఆవిడకు కుదరదు" అనే మాట నా పేరు పక్కన పడకూడదనుకున్నాను. ఆడవాళ్లం ఈ మాటకు ఎంత భయపడతామో, ఇందులో ఎంత పోగొట్టుకుంటామో లెక్క కడితే ఏ బ్యాలెన్స్ షీటూ టాలీ కాదు.

మనిషికి 4000 మార్పిడి. తర్వాత 4500 చేశారు, ఆ తర్వాత 2000కు తగ్గించారు. ఫారం, గుర్తింపు కార్డు జిరాక్సు, సంతకం, మధ్యలో వేలికి సిరా వచ్చింది. శని ఆదివారాలు కూడా పని. మధ్యాహ్నం భోజనం నాలుగింటికి. అన్నిటికన్నా తెలివితక్కువ పని ఏం చేశానంటే, మంచినీళ్లు తాగడం తగ్గించాను. తాగితే బాత్‌రూముకు లేవాలి, లేస్తే క్యూలో వాళ్లు అరుస్తారు. ముఖం ఉబ్బితే నిద్ర లేదనుకున్నాను. తల నొప్పెడితే పొగ అనుకున్నాను. కళ్ల ముందు చుక్కలు కనబడితే నోట్లు లెక్కపెట్టి అనుకున్నాను. ప్రతి తేడాకూ ఒక రిమార్కు రాసి పక్కన పెట్టడం మనకు అలవాటే కదా. నా ఒంటి విషయంలోనూ అదే చేశాను. ఉద్యోగం వేళలు మారడంతో మెట్రో స్నేహితురాళ్లు కూడా కనబడటం మానేశారు.

నవంబరు 19, శనివారం. ఆ రోజు నోట్ల మార్పిడి పెద్ద వయసు వాళ్లకు మాత్రమే. కాస్త ఊపిరాడింది. సాయంత్రం మా బ్రాంచిలో ఊడ్చే ఆవిడ, మేమంతా దీదీ అనేవాళ్లం, చీపురు పక్కన పెట్టి నా ముందుకొచ్చి నిలబడింది. ఐదుగురు పిల్లల తల్లి, చదువు లేదు. నా చెయ్యి పట్టుకుని బొటనవేలితో నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. "మేడమ్, ఈ వాపు కాళ్లలో ఉండాల్సిన వాపు. ముఖానికీ చేతులకూ ఎందుకొచ్చింది? ఇప్పుడే వెళ్లండి" అంది. సోమవారం వెళతానన్నాను. ఆవిడ నా హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గరకు నడిచింది. ఇక నేను కూడా నడవక తప్పలేదు.

ఆస్పత్రిలో చూస్తే బీపీ 150/100. మూత్రంలో ప్రోటీను. ఇరవయ్యో వారం దాటాక 140/90 కానీ అంతకు మించి కానీ ఉంటే డాక్టర్లు ఊరుకోరు. దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. మన ఊళ్లలో పెద్దవాళ్లు గుర్రపు వాతం అనే ఫిట్స్ జబ్బు ఉంది చూశారా, దానికి ఇది ముందు మెట్టు. తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు గారు, "ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే..." అని ఆ వాక్యం పూర్తి చేయలేదు. ఆ రాత్రంతా నేను పూర్తి చేసుకుంటూనే ఉన్నాను.

పది రోజులకు పైగా మంచం మీదే. అక్కడే ఒక నర్సు కదలికలు లెక్కపెట్టడం నేర్పింది. అన్నం తిన్నాక ఎడమ వైపు తిరిగి పడుకుని, బిడ్డ కదిలిన ప్రతిసారీ ఒక గీత. రెండు గంటల్లో పది రావాలి. మీ డాక్టరు వేరే లెక్క చెబితే అదే పాటించండి. కానీ కదలికలు తగ్గాయనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. రోజుకు పదివేల నోట్లు లెక్కపెట్టిన చేతితో ఆ పది గీతలు గీసేటప్పుడు ఎంత వణుకు పుట్టేదో నాకే తెలుసు.

ఈ గొడవలో అమ్మ కబురందుకుని మోకాళ్ల నొప్పులతోనే రైలెక్కి వచ్చింది. అప్పట్లో రైల్వే కౌంటర్లలో పాత నోట్లు తీసుకునేవారు, టికెట్టు వాటితోనే కొంది. వచ్చీరాగానే వార్డులో ఎవరూ లేనప్పుడు కొంగుముడి విప్పింది. ఇరవై మూడు వేలు, అన్నీ పాత 500 నోట్లు. నాన్నగారికి తెలియకుండా ఏళ్ల తరబడి పోపుల పెట్టె వెనక దాచినవి. "నీ కాన్పు ఖర్చుకుంటాయని తెచ్చానే. నువ్వు బ్యాంకులోనే కదా, మార్చి పెట్టు" అంది. ఎన్ని రోజుల తర్వాతో కడుపారా నవ్వాను. మా వారు అమ్మ ఖాతాలోనే జమ చేసి వచ్చారు. అయితే ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు నాన్నగారిది. తెనాలిలో ఆయన ఫోనుకు మెసేజ్ టంగుమని మోగింది. ఆ తర్వాతి కథ ఇంకో సభలో చెబుతాను.

బీపీ మందులకు లొంగలేదు. 36 వారాలకు, డిసెంబరు 1న ఆపరేషన్ చేసి పాపను తీశారు. రెండు కిలోల వంద గ్రాములు. ఐదు రోజులు నర్సరీలో ఉంచారు. పక్క మంచాల వాళ్లు బిడ్డల్ని పొత్తిళ్లలో పెట్టుకుంటుంటే నేను గిన్నెలో పాలు పిండి పంపేదాన్ని. ఇప్పుడా పిల్ల జడ వేయనివ్వకుండా ఇల్లంతా పరిగెడుతుంది. ఇంటికొచ్చాక అమ్మ బాలింత కాయం ఉండలు చేస్తే, పక్కింటి పంజాబీ ఆంటీ నెయ్యి కారే పంజీరీ డబ్బా తెచ్చింది. ఏది ముందు తినాలని ఇద్దరికీ భాష రాని పోట్లాట. నేను రెండూ తిన్నాను.

ఆ సెలవులో తీరిక దొరికి, ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటిసారి మొత్తం చదివాను. 1961 నాటిది. 2017 ఏప్రిల్ 1 నుంచి సెలవు 12 వారాల నుంచి 26 వారాలైందని, అందులో ప్రసవానికి ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చని, తిరిగి చేరాక బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఉన్నాయని అందరూ చెబుతారు. నేను ఆగిపోయింది నాలుగో సెక్షన్ దగ్గర. ప్రసవం తేదీకి ఆరు వారాల ముందున్న ఆ ఒక్క నెలలో, శ్రమతో కూడిన పని కానీ గంటల తరబడి నిలబడే పని కానీ గర్భిణికి చెప్పకూడదు, ఆమె అడిగితే. చివరి రెండు మాటలు మళ్లీ చదవండి. నేను కౌంటర్లో నిలబడిన మొదటి వారం సరిగ్గా ఆ నెలలోనిదే. చట్టం నా కోసం 1961 నుంచి కాచుకుని కూర్చుంది. నేను అడగలేదు. ఆయన ఇస్తానన్నా వద్దన్నాను.

ప్రమోషన్ సంగతంటారా? ఆ ఏడాది రాలేదు. తర్వాతి ఏడాది వచ్చింది. ఇంటర్వ్యూ బోర్డులో నోట్ల రద్దు రోజుల్లో ఎన్ని గంటలు నిలబడ్డానని ఎవరూ అడగలేదు.

కాబట్టి మీరు ఒక్క విజిట్ కూడా వాయిదా వేయకండి. ప్రతిసారీ బీపీ, మూత్రం పరీక్ష చేశారో లేదో మీరే అడగండి. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, డొక్క పైభాగంలో నొప్పి వచ్చినా, ముఖం ఉబ్బినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా గంట కూడా ఆగవద్దు. ఐరన్ మాత్ర మింగితే కడుపులో తిప్పుతుందని మానేసిన వాళ్లు చేతులెత్తక్కర్లేదు, నాకు తెలుసు. మానకుండా డాక్టరుతో చెప్పి మందు మార్పించుకోండి. మన సెక్యూరిటీ వాళ్ల, కాంట్రాక్టు సిబ్బంది ఇళ్లలో గర్భిణులుంటే, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన ఉచిత పరీక్షలు ఉంటాయని చెప్పండి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి నడుస్తోంది.

వెనక వరుసలో నిలబడ్డ భర్తలకు ఒక ప్రశ్న. మీ ఆవిడ చివరి బీపీ రీడింగు ఎంత? ఫోను చూడకుండా చెప్పాలి. సరే, ఇంటికెళ్లాక కనుక్కోండి.

మా దీదీ రిటైరయింది. పాప పుట్టినరోజుకు ఇప్పటికీ వస్తుంది. రాగానే మొదట నా చెయ్యి పట్టుకుని బొటనవేలితో నొక్కి చూస్తుంది.

ఇక నా మాటలు చాలు. ముందు వరుసలో ఆ పచ్చ చీర అమ్మాయి ఇందాకటి నుంచి కాళ్లు వేలాడేసుకునే కూర్చుంది. ఆ ఖాళీ కుర్చీ ఇటు జరపండి బాబూ. కాళ్లు పైన పెట్టుకోమ్మా. ఆఁ, ఇప్పుడు చెప్పు, నీకు ఎన్నో నెల?