ఎగువ తూము, చివరి భూమి

 

దర్శిలో నిలబడి అధికారం గురించి మాట్లాడాలంటే ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. సాగర్ కుడి కాలువ దాకా పోతే చాలు. నీళ్లు వదిలిన రోజుల్లో ఎగువ తూము దగ్గరి రైతు రాత్రిపూట షట్టరు కాస్త పైకెత్తుకుంటాడు. చివరి భూముల రైతు నెర్రెలిచ్చిన చేను గట్టున నిలబడి లస్కరును తిడతాడు, మర్నాడు రోడ్డు మీద బైఠాయిస్తాడు. న్యాయం అతని వైపే ఉంది. కానీ అదే రైతుకు మరుసటేడు ఎగువన రెండెకరాలు కౌలుకు దొరికిందనుకోండి, చీకటి పడేసరికి అతని చెయ్యీ షట్టరు మీదికే పోతుంది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి. స్వేచ్ఛ, అసమ్మతి, రాజ్యం అని మీరు నాకిచ్చిన పెద్ద పెద్ద మాటలన్నీ నాకు ఈ తూము దగ్గరే అర్థమయ్యాయి.

ఈ ఊరిపేరును ఇంటిపేరుగా మోసిన ఒక మనిషిని ముందు తలుచుకుందాం. దర్శి చెంచయ్య. పుట్టింది కనిగిరిలో. చదువుకోడానికి అమెరికా వెళ్లి, 1913లో కాలిఫోర్నియాలో గదర్ పార్టీ పురుడు పోసుకుంటుంటే అందులో చేరాడు. గదర్ అంటేనే తిరుగుబాటు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పట్టుబడి జైళ్లపాలయ్యాడు. బయటికొచ్చాక ఆయన తెల్లవాడితో తగాదా ఒక్కటే పెట్టుకుని ఊరుకోలేదు. కులంతోనూ, ఆడవాళ్లను అణిచే ఆచారాలతోనూ పెట్టుకున్నాడు. పరాయివాణ్ని ఎదిరిస్తే ఊరు దండలేస్తుంది, ఊరినే ఎదిరిస్తే పిలుపులు ఆగిపోతాయి. ఆయన స్వీయచరిత్ర ‘నేనూ నా దేశం’ మీలో ఎందరు చదివారో చేతులెత్తమని అడగను. అడిగితే నాకే బాధ.

ఇక రెండో మనిషి. ఆయన పేరు మన జిల్లాకే పెట్టుకున్నాం. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు నుంచి ఒంగోలు ప్రాంతాన్నీ, నెల్లూరు నుంచి మన దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరులనూ, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరులనూ తెచ్చి ఒక జిల్లాగా కుట్టారు. ఒంగోలు జిల్లా అన్నారు. ప్రకాశం పంతులు పుట్టి వందేళ్లయిన 1972లో ఆయన పేరు పెట్టారు. మూడు జిల్లాల చివరి భూములన్నీ కలిసి ఒక జిల్లా అయ్యాయని మా నాన్న ఎగతాళి చేసేవాడు.

ప్రకాశం అనగానే మనకు ఒక్కటే బొమ్మ కనిపిస్తుంది. 1928 ఫిబ్రవరి 3. సైమన్ కమిషన్ వద్దని మద్రాసులో హర్తాళ్. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాణ్ని చూడ్డానికి పంతులు వెళుతుంటే తుపాకులు అడ్డుపెట్టారు. ఆయన చొక్కా విప్పి రొమ్ము చూపించాడు. నేను మూడో తరగతిలో ఆ బొమ్మను మార్కాపురం పలక మీద వేసి, మీసాలు ఎక్కువయ్యాయని అయ్యవారి చేత మొట్టికాయ తిన్నాను. ఆ బొమ్మ మీద నాకున్న ప్రేమ ఇప్పటికీ అంతే.

రెండో బొమ్మ ఏ పలక మీదా ఎవరూ వేయరు. 1946 ఏప్రిల్ చివర ఆయన మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యాడు. మిల్లుల్లో సమ్మెలు, రైల్వేలో సమ్మె, పల్లెల్లో భూమి తగాదాలు. 1947 జనవరిలో, అంటే దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఏడు నెలల ముందు, ఆ ప్రభుత్వం ప్రజాశాంతి పరిరక్షణ పేరుతో ఆర్డినెన్సు తెచ్చింది. విచారణ లేకుండా మనిషిని పట్టుకుపోయి నిర్బంధించే అధికారం అందులో ఉంది. దొరికినవాళ్లను దొరికినట్టు కమ్యూనిస్టులను పట్టుకెళ్లారు. ‘ప్రకాశం ఆర్డినెన్సు’ అనే మాట ఆ తరం కమ్యూనిస్టుల నోళ్లలో చాలా కాలం ఆడింది. తుపాకీకి రొమ్ము చూపిన మనిషి, పంతొమ్మిదేళ్లు తిరిగేసరికి తుపాకీ పట్టినవాళ్లకు పైవాడు.

పంతులు దుర్మార్గుడని నేననడం లేదు. వకీలుగా సంపాదించిందంతా ‘స్వరాజ్య’ పత్రికలో పోసి, చివరికి చేతులు దులుపుకున్న మనిషాయన. డబ్బుకు లొంగలేదు, ప్రాణానికి భయపడలేదు. అలాంటివాడి చెయ్యి కూడా షట్టరు మీదికి పోయిందంటే, మనలాంటివాళ్ల సంగతేమిటి? మంచివాణ్ని గద్దె ఎక్కిస్తే చాలు అనుకునేవాళ్లకు నా జవాబు ఇదే. మంచివాడికి కూడా కాపలా కావాలి. ఆయన మీద ఆ కాపలా పనిచేసింది కూడా. 1947 మార్చిలో సొంత పార్టీవాళ్లే దించేశారు. ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాక, 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. పెద్దాయన దిగిపోయాడు. ఆయన జీవితంలో నాకు రొమ్ము చూపిన రోజు ఎంత గొప్పదో, ఒక్క ఓటుకు తలవంచిన ఆ రోజూ అంతే గొప్పది. కానీ దాన్ని విగ్రహంగా చెక్కడం కష్టం కదా.

1947లో మనిషి దిగిపోయినా చట్టం దిగిపోలేదు. అదే పేరుతో మద్రాసులో 1949లో ఇంకో చట్టం వచ్చింది. దాని కింద బొంబాయి నుంచి వచ్చే ‘క్రాస్ రోడ్స్’ అనే వారపత్రికను రాష్ట్రంలోకి రానివ్వబోమన్నారు. సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1950 మే 26న కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. హమ్మయ్య అనుకునేలోపు, మరుసటేడే రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి, వాక్‌స్వాతంత్ర్యానికి ‘ప్రజాశాంతి’ అనే కట్టుకొయ్యను దిగ్గొట్టారు. మనవాళ్లు కట్టిన కొయ్య అది, తెల్లవాళ్లు కట్టింది కాదు. తర్వాతి కథ మీకు తెలుసు. 1971లో జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులను పి.డి. చట్టం, అంటే ముందస్తు నిర్బంధ చట్టం కింద లోపలేస్తే హైకోర్టు విడిపించాల్సి వచ్చింది. ముగ్గురు కవులు! మన రాష్ట్రంలో కవిత్వం చదివేవాళ్లెంతమందో తెలిసిన ఏ ప్రభుత్వమైనా అంత భయపడుతుందా అని నాకిప్పటికీ అనుమానం. ఇక 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చేసరికి ఒకరిని విడిపించే తీరికా ఎవరికీ లేకపోయింది.

ఇంతసేపూ పెద్దవాళ్ల చేతులు చూపించాను. ఇప్పుడు నా చెయ్యి. చాలా ఏళ్ల కిందట నేను చిన్న పత్రిక ఒకటి నడిపేవాణ్ని. ఎంత చిన్నదంటే, సంపాదకుణ్ని నేనే, పోస్టాఫీసులో స్టాంపులు అంటించేదీ నేనే. ఒక కుర్రాడు కవిత పంపాడు. ఊళ్లో తాగునీటి గురించి. ఫ్లోరైడు తాగి వంకరపోయిన తాత కాళ్ల గురించి, ట్యాంకరు మీద బొమ్మ వేయించుకున్న నాయకుడి గురించి. బాగుంది. అచ్చుకు కూడా పంపాను. ఆ నెలలో మా వార్షికోత్సవానికి హాలు ఖర్చు పెట్టుకున్నది ఆ నాయకుడి మనిషే. ఎవరూ నాకు ఫోను చెయ్యలేదు. బెదిరించలేదు. నేనే సాయంత్రం ప్రెస్సుకు వెళ్లి, స్థలాభావం అని చెప్పి ఆ పేజీ తీయించాను. కుర్రాడికి కార్డు రాశాను, శిల్పం మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టమని. ఆ కార్డు తలుచుకుంటే ఈ వయసులోనూ చెవులు వేడెక్కుతాయి. ఆర్డినెన్సుకు గవర్నరు సంతకం కావాలి. నాకు అదీ అక్కర్లేకపోయింది.

లోపలికొచ్చేటప్పుడు గేటు దగ్గర ఫ్లెక్సీ చూశాను. దాత ముఖం ద్వారమంత ఉంది. కవుల పేర్లు కింద చీమల బారులా ఉన్నాయి. నిర్వాహకులు నొచ్చుకోకండి, భోజనాలు ఎవరో ఒకరు పెట్టాలి. నేనూ అలాగే హాలు సంపాదించినవాణ్నే.

ఆ కుర్రాడు ఇప్పుడు కుర్రాడు కాదు, జుట్టు నెరిసింది. ఇవాళ ఈ సభకొచ్చాడు. పొద్దున టీ దగ్గర పట్టుకుని, నాయనా, ఆ పాత కవిత నా దగ్గర భద్రంగా ఉంది, మధ్యాహ్నం కవి సమ్మేళనంలో మొదట నువ్వే చదవాలి అన్నాను. నవ్వాడు. "పాతదెందుకు సార్, కొత్తది రాసుకొచ్చా" అన్నాడు. ఎవరి మీద అని అడిగాను.

"గేటు దగ్గర చూళ్లేదా?" అన్నాడు.

మొదటి పేరు అతనిదే రాయించాను. ఇక పత్ర సమర్పణలు మొదలుపెట్టండి.