గిల్టీలను దాచవద్దు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము, బడిపంతుళ్లం. అయినా పిల్లల మెడలు రోజూ మా కళ్ల ముందే ఉంటాయి. మన ఇళ్లలో గిల్టీ అంటాము, తెలుగులో బిళ్ల కట్టిందంటారు. రోగక్రిములతో పోరాడే లింఫు గ్రంథి వాచడమే అది.

జలుబు చేసినా, పన్ను పుచ్చినా, పేలు పడి తల పుండ్లయినా మెడలో బిళ్లలు లేస్తాయి. శనగగింజంత ఉండి, వేలికి కదులుతూ, బిడ్డ హుషారుగా ఆడుతుంటే బెదరనక్కరలేదు. కొన్ని వారాల్లో అవే తగ్గుతాయి.

అయితే 2 సెంటీమీటర్లు దాటినా, నాలుగు వారాలకూ తగ్గకపోయినా, రాయిలా గట్టిపడినా, జ్వరముండి బిడ్డ చిక్కిపోతున్నా డాక్టరుకు చూపించాలి. ఎర్రబడి నొప్పి పెడితే ఆ రోజే తీసుకుపోవాలి.

మా రెండో తరగతిలో ఒక పాప ఎండల్లో కూడా మెడకు దుపట్టా చుట్టుకొని వచ్చేది. అడిగితే తల్లి ఏడ్చింది. "క్షయ అని నలుగురికీ తెలిస్తే రేపు పెండ్లి ఎట్లా మాస్టర్ సాబ్?" అన్నది. సున్నం పట్టీలతోనే నాలుగు నెలలు గడిచిపోయాయి. చివరకు సూదితో తీసి పరీక్ష చేస్తే క్షయే అని తేలింది. ఆరు నెలలు విడవకుండా మందులు వాడారు, నయమైంది.

గ్రంథుల క్షయ ఊపిరితిత్తులకు సోకనంతవరకు ఇతరులకు అంటదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. పౌష్టికాహారానికి 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలు ఇస్తున్నారు.

అమ్మలారా, దుపట్టా కప్పితే గిల్టీ కనిపించదు, అంతే. తగ్గదు. సెలవు.