కంటి శస్త్రచికిత్స – కాలేయ వ్యాధి

కన్ను పచ్చబడినచో కామెర్లు సోకినవని మనమందరము గుర్తింతుము. కాని కన్ను తెల్లగా నున్నంత మాత్రమున కాలేయము క్షేమమని చెప్పజాలము. హెపటైటిస్ బి, సి వైరసులు ఏ లక్షణమును చూపకయే ఏండ్ల తరబడి రక్తమునందు దాగియుండగలవు.

భువనగిరి కోటకు చేరువనున్న పల్లెనుండి వృద్ధుడైన రైతు ఒకడు కంటి శుక్లము తీయించుకొనుటకు వెళ్ళెననుకొందము. శస్త్రచికిత్సకు ముందు పెక్కు ఆసుపత్రులలో రక్తపరీక్ష చేయుదురు. అందు ‘బి’ వైరసు ఉన్నదని తేలినది. “కండ్లకని వస్తి, ఇదేంది సారూ?” అని అతడు నివ్వెరపోవును. ఇట్లు కంటి వైద్యమునకు పోయినప్పుడే కాలేయపు సంగతి తొలిసారిగా తెలిసికొనువారు కలరు.

అట్టివానిని చికిత్స చేయక వెనుకకు పంపుట తగునా? తగదని మా మనవి. వైరసు సోకిన తొలిదినములలో పరీక్షకు దొరకకపోవచ్చును. కావున ఎవరి రక్తమునైనను సోకినదిగానే యెంచి, చేతితొడుగులు, ఒకేసారి వాడు సూదులు, చక్కగా శుద్ధిచేసిన పనిముట్లు అందరికిని ఒకే రీతిని వాడవలెను. ‘బి’ వైరసు దేహమునకు వెలుపల కనీసము 7 దినములు బ్రతుకగలదు. వైద్య సిబ్బంది ముందుగనే టీకా పొందియుండుట అవశ్యము. ఈ టీకాను మన దేశమున జన్యుసాంకేతిక విధానమున తొలుత తయారుచేసి 1997లో విడుదల చేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్సు సంస్థయే.

ఇక రైతు ఇంటివారి మాట. కలసి భుజించుటవలన గాని, తాకుటవలన గాని ఇది అంటదు. కంచము వేరుచేయ నక్కరలేదు. రక్తమువలన, దాంపత్య సంబంధమువలన, ప్రసవవేళ తల్లినుండి బిడ్డకును సోకును. క్షౌరపు కత్తిని మాత్రము ఒకరిది మరొకరు వాడరాదు. ఇంటివారందరు పరీక్ష చేయించుకొని, సోకనివారు టీకా పొందవలెను. ‘బి’ వ్యాధిని మందులతో అదుపునందుంచవచ్చును. ‘సి’ వ్యాధియైనచో సాధారణముగా 12 వారముల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమగును. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ఈ పరీక్షలు, మందులు ఉచితము. కామెర్లకని కంట పసరు పోయించుకొనుట మాత్రము వలదు. దానివలన ఉన్న చూపుకే హాని కలుగవచ్చును.

పరీక్షాఫలితమును నలుగురిలో చాటక, రోగికి ఏకాంతమున నెమ్మదిగా వివరింపవలెను. అప్పుడా రైతు సిగ్గుపడి దాచడు. చూపుతో ఇల్లు చేరి, తనవారిని పరీక్షకు తానే తోడ్కొని వచ్చును.