టింట్విసిల్: కౌంటీ మూలనున్న చిన్న జిల్లా
(ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



ఇంగ్లాండు స్థానిక స్వపరిపాలనమును గూర్చి ముచ్చటింపుమని కార్యదర్శిగారు కోరిరి. పార్లమెంటు సంగతి వినని వారిచట లేరు గనుక దానిని విడిచి, చెషైరు కౌంటీ ఈశాన్యపు మూల 1974 వరకు నిలిచియుండిన టింట్విసిల్ గ్రామీణ జిల్లా కథ చెప్పదలచితిమి. ఆ యూరివారు ‘టిన్సిల్’ అని పలుకుదురు. జిల్లా యనగా మన జిల్లా కాదు. మన పాత తాలూకా ప్రక్కనైనను మిక్కిలి చిన్నది.

1894 వరకు ఇంగ్లాండు పల్లెలలో మేజిస్ట్రేటులగు భూస్వాములు ఎన్నిక లేకయే బీదల సంరక్షణ సంఘములలో కూర్చుండుచుండిరి. ఆ యేటి చట్టము ఆ హక్కును తీసివేసి, పల్లెలకు ఎన్నికైన సభల నొసగెను. ఆ సభల ఎన్నికలలో వివాహితలకును వోటు కలిగెను. ప్రభువుల సభ సవరణలతో బిల్లును కుంటుపరుపజూచెను. 1894 మార్చి 1న గ్లాడ్‌స్టన్ కామన్సు సభలో చేసిన కడపటి ప్రసంగము దీనిని గూర్చినదే. అందాయన ప్రభువుల సభను తూర్పారబట్టెను.

సామాన్యముగా ఏ గ్రామీణ జిల్లాయు రెండు కౌంటీలలో నుండరాదని ఆ చట్టపు నియమము. ఆష్టన్-అండర్-లైన్ యూనియను లాంకషైరు, చెషైరు రెండింట వ్యాపించియుండెను. చెషైరు ముక్కను వేరుచేయగా టింట్విసిల్ జిల్లా యేర్పడెను. అందు టింట్విసిల్, హాటర్స్లీ, మాట్లీ అను పారిష్‌లు మాత్రమే. ప్రజలు కోరి కట్టుకొన్న యిల్లు కాదది, గీత గీయగా మిగిలిన తునక. వకీళ్లమగు మాకు ఇట్టి గీతలు క్రొత్తగావు.

అసలు సంగతి ఆ లోయలోని నీరు. ఎథెరో నది యుత్తరపు గట్టు చెషైరుది, దక్షిణపు గట్టు డెర్బీషైరుది. మాంచెస్టరు కార్పొరేషను 1848 మొదలు 1877 వరకు బేట్మన్ అను ఇంజనీరుచే అచట జలాశయముల వరుస కట్టించెను. మాంచెస్టరు మరలు మన చేనేతవారిని ఏమి చేసెనో మీరెరుగుదురు. దాని దాహము సొంత పొరుగునే విడువలేదు. ఆ నగరపు బీదలకు మంచినీరు కావలసినదే, దానిని తప్పుపట్టము. అయితే ఎగువ జలాశయముల నీరు నగరమునకు పోగా, దిగువ రెండింటి నీరు నదిమీద బ్రతుకు మిల్లులకు పరిహారముగా వదలవలెనని యేర్పాటు. మిల్లుయజమానులకు వాటా దొరకెను. లోయ జనుల పక్షమున మాటాడుటకు ఎన్నికైన జిల్లా సభ యానాడు లేదు. 1894లో అది పుట్టుసరికి చెరువులన్నియు నిండియుండెను.

1936లో హాటర్స్లీ, మాట్లీ చుట్టుపట్ల పట్టణములలో కలిసిపోయెను. పిదప 38 యేండ్లు ఒకే పారిష్ జిల్లాయై యుండుట! నవ్వువచ్చును గాని, ఆ సభలో కూర్చున్నవారు ప్రతి బాటను, ప్రతి బావిని ఎరిగినవారే యైయుందురని మా యూహ.

1972 చట్టముచే 1974 ఏప్రిల్ 1న జిల్లా రద్దయ్యెను. పొరుగున నున్న హైడ్, స్టేలీబ్రిడ్జి పట్టణములు గ్రేటర్ మాంచెస్టరులోనికి పోగా, టింట్విసిల్ డెర్బీషైరులోని హైపీక్‌లో చేరెను. ఇప్పుడా నది రెండు గట్లును ఒకే కౌంటీవి. గ్రామపు పారిష్ సభ నేటికిని సాగుచున్నది. ఎగువ చెరువుల నీరు నేటికిని మాంచెస్టరు వైపే పారుచున్నది.