భుజములపై పాములు



పారసీకుల ప్రాచీన పురాణములలోని ఒక రాక్షసుని గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. అవెస్తా గ్రంథమున వీని పేరు అజి దహాక. మూడు నోళ్లు, మూడు తలలు, ఆరు కన్నులు గల మహాసర్పమని అందు వర్ణన. 'అజి' యనగా మన వేదములలోని 'అహి'యే. ఋగ్వేదమున త్రితుడు మూడు తలల విశ్వరూపుని చంపెను. అవెస్తాలో థ్రయేతవోనుడు ఈ సర్పమును కూల్చెను. ఈ రెండు కథలును ఒక్క తల్లి బిడ్డలు.

1010వ సంవత్సరమున ఫిరదౌసి షానామాను ముగించునాటికి ఈ సర్పము మనుష్యుడైనది. మన జాషువాగారి కావ్యము వలన ఆ మహాకవి తెలుగువారికి చిరపరిచితుడే. షానామాలో జొహాకు ఒక రాజకుమారుడు. సైతాను మాటకు లోబడి తండ్రి చావునకు సమ్మతించి రాజ్యము గైకొనెను. పిమ్మట సైతాను వంటవాడై వచ్చి, రుచులతో వశపరచుకొని, రాజు భుజములను ముద్దిడెను. ముద్దిడినచోట రెండు నల్లని పాములు మొలచెను. కోసినను మరల మొలచెను. సైతానే వైద్యుడై వచ్చి, వానికి మనుష్యుల మెదళ్లు మేపుమనెను. నిత్యము ఇద్దరు బలియైరి. ఇద్దరు సజ్జనులు రాజు వంటశాలలో చేరి, దినమునకొకని రహస్యముగా తప్పించి, గొఱ్ఱె మెదడు కలిపి వడ్డించుచుండిరి.

ఒకనాడు రాజు తాను మేలు తప్ప మరేమియు చేయలేదని పత్రము వ్రాయించి, పెద్దలచే చేవ్రాళ్లు చేయించెను. అందఱును చేసిరి. అంతలో కావే యను కమ్మరి సభకు వచ్చెను. అతని పదునెనిమిదిమంది కొడుకులలో పదునేడుగురు పాముల పాలైరి. మిగిలినవానిని రాజు విడిచిపెట్టి, బదులుగా చేవ్రాలు కోరెను. కావే పత్రమును చింపి, కాలరాచి, తాను కొలిమికడ కట్టుకొను తోలును ఈటె కొనకు జెండాగా కట్టెను. జనులు ఆ జెండా వెంట ఫరీదూనుని చేరిరి. ఫరీదూను జొహాకును దమావందు పర్వతమున బంధించెను.

1961లో సోవియట్ తజికిస్తానులో తీసిన చలనచిత్రమునకు ఈ కమ్మరి జెండాయే పేరైనది. 2004లో వెలువడిన 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' కంప్యూటరు ఆటలోను దహాక కలడు. అందు వాడు కాలమునకు కావలివాడు. విధిని తప్పించుకొన్న రాజకుమారుని విడువక తరుముచుండును. ఆ ఆట నన్నును భయపెట్టినది. కాని అందు వంటవాడు లేడు, పత్రము లేదు. పరుగెత్తిన బ్రతుకవచ్చును.

ఫిరదౌసి చూపిన భయము వేఱు. పాములకన్న నాకు ఆ చేవ్రాళ్లే ఎక్కువ భయము గొల్పును. చేవ్రాలు చేసిన పెద్దలు రాక్షసులు కారు; ఇల్లు, బిడ్డలు గలవారే. ఆ సభలో నేనుండిన కలమునకు చేయి చాపకయుందునా యని నన్ను నేనే ప్రశ్నించుకొందును. ఔనని ధైర్యముగా చెప్పజాలను. అందుచేతనే ఆ కమ్మరిని తలచుకొందును.